అమ్మ కోసం వాషింగ్ మెషిన్: కొనేముందు మేము చదువుకున్న పాఠం



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, రాకెట్ల గురించి రాద్దామా, సౌరశక్తి గురించి రాద్దామా అని చాలా ఆలోచించాం. చివరికి బట్టలు ఉతికే యంత్రం గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఆరో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా చదివిన భౌతికశాస్త్రం మా ఇంటికి మొదటిసారి ఉపయోగపడింది ఈ యంత్రం దగ్గరే.

మేము అంటే అన్నాచెల్లెళ్ళం ఇద్దరం. పెద్దవాడు ఈ వసతి గృహంలోనే పదో తరగతి దాకా ఉండి, ఇటీవలే ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం పూర్తి చేశాడు. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి అతడే. చిన్నది బాలికల వసతి గృహంలో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

ఆదివారం వస్తే మన హాస్టల్ నీళ్ళ తొట్టి దగ్గర ఎంత సందడో మీకు తెలుసు. కాస్మెటిక్ చార్జీల డబ్బుతో కొన్న సబ్బు బిళ్ళను సగానికి కోసుకోవడం, కాలరు రుద్దడానికి పాత పళ్ళ బ్రష్షు దాచుకోవడం, తీగ మీద ఆరేసిన యూనిఫారానికి కాపలా కూర్చోవడం మనందరం చేసినవే. మనం వారానికి రెండు జతలు ఉతికి అలసిపోయేవాళ్ళం. మా అమ్మ రోజూ మూడు ఇళ్ళ బట్టలు ఉతికేది. ఆ కూలితోనే మా పండుగ బట్టలు, బస్సు చార్జీలు వెళ్ళేవి.

రెండేళ్ళ క్రితం అమ్మకు కుడిచేతి వేళ్ళు తిమ్మిర్లు మొదలయ్యాయి. రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపిస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని, బట్టలు పిండే పని మానెయ్యాలని డాక్టరు గారు చెప్పారు. అదే నెలలో, అమ్మ పనిచేసే ఒక ఇంట్లో ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నారు. ఇక రావద్దన్నారు. నెలకు 1,500 రూపాయలు పోయాయి.

అందుకే, ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో ఇంటికి ఒక మెషిన్ తెద్దామని మేము అన్నప్పుడు అమ్మ సంతోషించలేదు. "ఆ మిషిన్ వచ్చే నా పని పాయె. మళ్ళ గదే మిషిన్ని మనింటికి తెస్తరా?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కానీ ఆమె చేయి చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. "కొంటే సరిగ్గా కొనాలి, రూపాయి వృథా కావద్దు" అనుకొని మూడు నెలలు చదివాం, కొలిచాం, తూచాం. ఆ లెక్కలే ఈ పాఠం.

1. డ్రమ్ము లోపల జరిగేది

ఇంటర్ మొదటి సంవత్సరంలో "నిలువు వృత్తంలో చలనం" అనే పాఠం ఉంది. నీళ్ళున్న చిన్న బకెట్టును చేత్తో పట్టుకొని గుండ్రంగా తిప్పితే, తలకిందులైనప్పుడు కూడా నీళ్ళు పడవు. వేగం తగ్గిస్తే పడతాయి. ఫ్రంట్‌లోడ్ మెషిన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

దీని డ్రమ్ము అడ్డంగా పడుకొని ఉంటుంది. లోపలి గోడకు మూడు ఉబ్బెత్తు పట్టీలు ఉంటాయి. అవి బట్టలను పైకి ఎత్తుతాయి, పైనుంచి బట్టలు కింది నీళ్ళలో పడతాయి. చాకిరేవులో బట్టను బండకేసి కొట్టడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ కొట్టేది భూమ్యాకర్షణ.

డ్రమ్ము వ్యాసార్థం 24 సెంటీమీటర్లు అనుకుందాం. బట్టలు గోడకు అంటుకొని పైనుంచి పడకుండా ఉండాలంటే, కోణీయ వేగం వర్గాన్ని వ్యాసార్థంతో గుణిస్తే గురుత్వ త్వరణం 9.8 రావాలి. లెక్క కడితే అది నిమిషానికి దాదాపు 61 చుట్లు. అంతకంటే వేగంగా తిరిగితే బట్టలు పడవు, ఉతుకు పడదు. అందుకే ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి సుమారు 50 చుట్లే తిరుగుతుంది. "ఇంత నెమ్మదిగా తిరుగుతుందేమిటి, ఏమన్నా చెడిపోయిందా?" అని మొదటిరోజు మా నాన్న అడిగాడు. చెడిపోలేదు. అలా తిరిగితేనే ఉతుకుతుంది.

పిండేటప్పుడు కథ మారుతుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే, అదే వ్యాసార్థం దగ్గర త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 270 రెట్లు అవుతుంది. 1200 చుట్లకు 387 రెట్లు, 1400 చుట్లకు 526 రెట్లు. అంటే 1000 చుట్ల దగ్గర 10 గ్రాముల నీటిని బట్టలోనే పట్టి ఉంచాలంటే 2.7 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. బట్టను డ్రమ్ము గోడ ఆపుతుంది. రంధ్రాల దగ్గర నీటిని ఆపేది ఏదీ లేదు కాబట్టి నీరు బయటికి పోతుంది. మా అమ్మ మణికట్టు పాతికేళ్ళు చేసిన పని ఇదే.

2. మూడు రకాలు, మూడు రకాల ఇళ్ళు

సెమీ ఆటోమేటిక్: రెండు తొట్లు ఉంటాయి. ఒకదాంట్లో ఉతికి, చేత్తో తీసి, రెండోదాంట్లో వేసి పిండుకోవాలి. ధర తక్కువ. బకెట్టుతో నీళ్ళు పోసుకోవచ్చు కాబట్టి కుళాయి లేని ఇంటికి, గంటకోసారి కరెంటు పోయే ఊరికి ఇదే మంచిది. కానీ మనిషి దగ్గరే ఉండాలి, తడిబట్టలు ఎత్తి వేయాలి.

టాప్‌లోడ్: పైనుంచి బట్టలు వేస్తాం. వంగనక్కరలేదు. మధ్యలో ఆపి మరచిపోయిన చొక్కా వేయవచ్చు. కానీ బట్టలు నీళ్ళలో తేలుతూ తిరగాలి కాబట్టి నీళ్ళు ఎక్కువ కావాలి. ఒకసారికి 100 లీటర్లు దాటడం మామూలే.

ఫ్రంట్‌లోడ్: బట్టలు పైనుంచి కింద పడితే చాలు కాబట్టి డ్రమ్ము అడుగున కొద్ది నీళ్ళు సరిపోతాయి. 7 కిలోల మెషిన్‌కు ఉతుకు, జాడింపులు అన్నీ కలిపి 50, 60 లీటర్ల దగ్గర అవుతుంది. బాగా పిండుతుంది, బట్ట తక్కువ నలుగుతుంది. నీటిని తానే వేడి చేసుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. ఒక్కో ఉతుకు గంట నుంచి రెండు గంటల పైన పడుతుంది. వంగి బట్టలు వేయాలి. కుళాయి ఒత్తిడి, సరైన కరెంటు ప్లగ్గు లేకపోతే ఇది పనిచేయదు.

ఎండాకాలంలో మా బోరు రోజుకు అరగంట పోస్తే గొప్ప. అమ్మ చేయి పిండే పని చేయకూడదు. ఈ రెండు కారణాలతో మేము ఫ్రంట్‌లోడ్ వైపు మొగ్గాం. మీ ఇంటి కారణాలు వేరైతే మీ నిర్ణయమూ వేరు కావాలి. పక్కింటివాళ్ళు కొన్నారని కొనకండి.

3. ఎన్ని కిలోలది?

మెషిన్ మీద రాసే 6, 7, 8 కిలోలు పొడి బట్టల బరువు. అదీ నూలు బట్టలకే. సిల్కు, పాలిస్టర్ బట్టలకు పెట్టే ప్రోగ్రాములో సాధారణంగా అందులో సగమే వేయాలి. ఈ సంగతి దుకాణంలో మేము అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.

మేము కిరాణా కొట్టు కాటా మీద మా ఇంటి బట్టలు తూచాం. నూలు చీర అర కిలో, చొక్కా 200 గ్రాములు, ప్యాంటు 450, లుంగీ 250, చెల్లెలి డ్రెస్సు 400, తువ్వాలు 150 గ్రాములు వచ్చాయి. రెండు రోజుల మాసిన బట్టలు అన్నీ కలిపితే 5 కిలోల 200 గ్రాములు తేలింది. డ్రమ్మును కుక్కి నింపితే బట్టలు పడటానికి చోటుండదు. చోటు లేకపోతే మురికి పోదు. బట్టల పైన అరచేయి నిలువుగా పెట్టేంత ఖాళీ ఉండాలి. కాబట్టి 6 కిలోలది ఇరుకు, 8 కిలోలది మాకు దండుగ. 7 కిలోలది సరిపోతుందని తేల్చుకున్నాం. మీరు కూడా ముందు తూచండి, తర్వాతే దుకాణానికి వెళ్ళండి.

4. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది?

ఇది చాలామంది అడగని ప్రశ్న. మాకు ఎక్కువ ఖర్చు తప్పించిందీ ఇదే. ఫ్రంట్‌లోడ్ మెషిన్‌కు నీళ్ళు కొంత ఒత్తిడితో రావాలి. కొన్నింటికి కనీసం 0.3 బార్, కొన్నింటికి 0.5 బార్ కావాలని వాటి పుస్తకంలో ఉంటుంది. ఒత్తిడి చాలకపోతే మెషిన్ నీటి కోసం ఎదురుచూసి, తప్పు చూపించి ఆగిపోతుంది. మనం యంత్రం చెడిందనుకుంటాం.

ద్రవ పీడనం సూత్రం తొమ్మిదో తరగతి వాళ్ళకూ తెలుసు. ఎత్తును ద్రవ సాంద్రతతో, గురుత్వ త్వరణంతో గుణించాలి. నీటికి సుమారు 10 మీటర్ల ఎత్తు ఒక బార్‌కు సమానం. అంటే 0.3 బార్‌కు 3 మీటర్ల పైచిలుకు ఎత్తు కావాలి.

మాది ఇందిరమ్మ ఇల్లు. స్లాబు మీద ఇటుకలు పేర్చి ట్యాంకు పెట్టుకున్నాం. ట్యాంకు అడుగు నేలనుంచి 3.5 మీటర్లు. మెషిన్‌కు నీటి పైపు బిగించే చోటు, కింద గద్దెతో కలిపి, 1.1 మీటర్లు. తేడా 2.4 మీటర్లు. పీడనం దాదాపు 0.24 బార్. చాలదు! ట్యాంకు నిండా ఉన్నప్పుడు పనిచేసినా, సగానికి దిగగానే ఆగిపోయేది. అందుకే కొలత ఎప్పుడూ ట్యాంకు అడుగు నుంచే తీసుకోవాలి.

ఊర్లో వెల్డింగు షాపులో 1.2 మీటర్ల ఇనుప స్టాండు చేయించి ట్యాంకును దాని మీదికి ఎక్కించాం. ఇప్పుడు తేడా 3.6 మీటర్లు, పీడనం 0.35 బార్. నీరు పారేటప్పుడు సన్నటి పైపుల్లో, మలుపుల్లో కొంత ఒత్తిడి తగ్గుతుంది. కాబట్టి లావు పైపు వేయించి, మలుపులు తక్కువ పెట్టించాం. స్టాండుకు 3,500 రూపాయలు అయింది. ఇది ముందు తెలియకుండా మెషిన్ తెచ్చి ఉంటే, మెకానిక్కుల చుట్టూ తిరిగేవాళ్ళం.

5. ఉప్పునీళ్ళ సంగతి

మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. సబ్బు నురగ రాదు. ఇది కఠిన జలం. కెమిస్ట్రీ చదివే మిత్రుడొకడు కళాశాల ప్రయోగశాలలో అనుమాపనం చేసి, లీటరుకు 520 మిల్లీగ్రాముల కాఠిన్యత ఉందన్నాడు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ వాంఛనీయమన్న హద్దు 200, వేరే నీరు లేనప్పుడు ఒప్పుకొనే హద్దు 600.

నీటిలో కరిగిన కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. గిన్నెకు పట్టే పొర ఇదే. మెషిన్‌లో ఇది హీటరుకు పడుతుంది. పొర మందమైన కొద్దీ వేడి నీటికి చేరదు, హీటరు కాలిపోతుంది. అలాగని భయపడి మానుకోనక్కరలేదు. మేము పాటించేవి ఇవి:

- రోజువారీ బట్టలకు చల్లని నీళ్ళు లేదా 40 డిగ్రీలే పెట్టడం. 60 డిగ్రీలు దుప్పట్లకు, రోగి వాడిన బట్టలకు మాత్రమే.
- రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో నిమ్మ ఉప్పు వేసి వేడినీళ్ళ ప్రోగ్రాము నడపడం. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం, కార్బొనేట్‌ను కరిగిస్తుంది. ఎంత వేయాలో, వేయవచ్చో లేదో మెషిన్‌తో వచ్చిన పుస్తకం చూసి చేయాలి.
- ఫ్రంట్‌లోడ్ అని రాసి ఉన్న తక్కువ నురగ సబ్బే వాడటం. మామూలు పొడి వేస్తే నురగ ఎక్కువై, పడే బట్టకు పరుపులా అడ్డుపడుతుంది. బట్ట మెత్తగా పడితే మురికి పోదు.

6. కరెంటు

హీటరు ఉన్న మెషిన్ సామర్థ్యం 2000 వాట్ల పైన ఉంటుంది. 2100 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్లు దాటుతుంది. మన ఇళ్ళలో ఫ్యానుకు, సెల్ చార్జింగుకు ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. అందులో పెడితే వైరు కాలుతుంది. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, దానికి తగిన లావు వైరు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపవద్దు. నీళ్ళూ, ఇనుమూ, కరెంటూ ఒకేచోట ఉన్నాయి. ఎర్తింగు లేకపోతే షాకు కొట్టేది మెషిన్ ముట్టుకున్న మన అమ్మకే. కరెంటు కారితే క్షణంలో ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది.

ఇక బిల్లు సంగతి. ఉతుకుకు 12 లీటర్ల నీరు వేడి చేయాలనుకుందాం. 28 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేస్తే 603 కిలోజౌళ్ళు, అంటే 0.17 యూనిట్లు. 60 డిగ్రీలకు అయితే 1,607 కిలోజౌళ్ళు, 0.45 యూనిట్లు. డ్రమ్మూ బట్టలూ వేడెక్కడానికి ఇంకొంత అవుతుంది. డ్రమ్ము తిప్పడం కంటే నీళ్ళు కాచడానికే ఎక్కువ కరెంటు పోతుందన్నమాట. చల్లనీళ్ళతో ఉతికితే బిల్లు గురించి పెద్దగా దిగులుపడనక్కరలేదు. స్టార్ లేబుల్ ఉంటే చుక్కలతో ఆగకుండా దానిమీది అంకెలు కూడా చదవండి. రెండు మెషిన్లను పోల్చడానికి అవి పనికొస్తాయి.

7. వేగం, మోటారు, వారంటీ

1400 చుట్లది తీసుకోమని దుకాణంలో గట్టిగా చెప్పారు. అది ఇంకొంచెం ఎక్కువ పిండుతుంది, నిజమే. కానీ ఎండ పుష్కలంగా ఉండే మన ఊళ్ళలో ఆ కొంచెం తేమ గంటలో ఆరిపోతుంది. వేగం పెరిగితే ముడతలు, అదురు కూడా పెరుగుతాయి. 1000 లేదా 1200 మనకు చాలు. ఆ తేడా డబ్బు ఎర్తింగుకు పెట్టండి.

మోటారుకు కార్బన్ బ్రష్షులు ఉన్నాయా, లేక ఇన్వర్టర్ మోటారా అని అడగండి. బ్రష్షులు అరిగిపోతాయి, మార్చాలి. ఇన్వర్టర్ మోటారుకు ఆ బాధ లేదు, చప్పుడూ తక్కువ. ఇన్వర్టర్ అన్నారు కదా అని కరెంటు పోయినా నడుస్తుందని అనుకోవద్దు. అది మోటారు వేగాన్ని నడిపించే పద్ధతి పేరు మాత్రమే.

"పదేళ్ళ వారంటీ" అని పెద్ద అక్షరాలతో ఉంటే, కింద చిన్న అక్షరాలు చదవండి. తరచుగా ఆ పదేళ్ళు మోటారుకు మాత్రమే. బోర్డుకు, పంపుకు, తలుపు రబ్బరుకు రెండేళ్ళే ఉండవచ్చు. మన మండలానికి సర్వీసు మనిషి వస్తాడా, రాకపోకల చార్జీ ఎంత అన్నది ముందే అడగాలి. బిల్లు, వారంటీ కార్డు జాగ్రత్త చేయాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకూ ఉంది.

8. ఇంటికి వచ్చిన రోజు

1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ తెచ్చిన మొదటి ఆటోమేటిక్ ఫ్రంట్‌లోడ్ మెషిన్‌ను అదురుకు కదలకుండా నేలకు బోల్టులతో బిగించేవారు. ఇప్పుడు లోపల స్ప్రింగులు, అదురు మింగే కడ్డీలు, బరువు కోసం సిమెంటు దిమ్మలు ఉంటాయి. అందుకే మెషిన్ 60 కిలోల దాకా తూగుతుంది.

రవాణాలో డ్రమ్ము ఊగకుండా వెనుకవైపు పెద్ద బోల్టులు బిగించి పంపుతారు. వాటిని తీసిన తర్వాతే నడపాలి. మాకు తెలిసిన ఒకరింట్లో తొందరపడి తీయకుండానే నడిపితే, మెషిన్ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి పైపు తెంపుకుంది. తీసిన బోల్టులు పారేయకండి, ఇల్లు మారినప్పుడు మళ్ళీ కావాలి. నేల సమంగా, గట్టిగా ఉండాలి. అమ్మ ఎక్కువ వంగకుండా మేము 20 సెంటీమీటర్ల సిమెంటు గద్దె కట్టించాం. బల్లల మీద, డొల్లగా ఉండే స్టాండ్ల మీద పెట్టవద్దు.

మొత్తం ఖర్చు: మెషిన్ 27,500, ట్యాంకు స్టాండు 3,500, ప్లగ్గు, వైరు, ఎర్తింగు 1,600, గద్దె 900. వెరసి 33,500 రూపాయలు. మేము మొదట అనుకున్నది 28,000. ఇంకో రెండు నెలలు ట్యూషన్లు చెప్పాక కొన్నాం. వాయిదాల మీద తీసుకోలేదు.

9. అమ్మ నేర్పినవి

యంత్రం గురించి మేము అమ్మకు చెబుతుంటే, బట్టల గురించి అమ్మ మాకు చెప్పింది. జేబులు వెతకకుండా వేయొద్దు. కొత్త ఎర్ర చీరను మొదటి మూడుసార్లు వేరుగా ఉతకాలి. కాలరుకు, చేతి అంచులకు ముందుగా సబ్బు రాసి పది నిమిషాలు ఉంచాలి. ముదురు రంగు చొక్కాను తిరగేసి ఉతకాలి, తిరగేసే ఆరేయాలి. ఇవేవీ మెషిన్‌కు తెలియవు. పుస్తకంలో నాలుగు పేజీల్లో ఉన్న సలహాలు అమ్మ నాలుగు మాటల్లో చెప్పింది. ఉతకడం అయ్యాక తలుపు తెరిచి ఉంచాలని, తలుపు రబ్బరు మడతల్లో నీరు తుడవాలని మేము చెబితే, "తడి గుడ్డ మూటగడితే వాసన రాదా మరి, గది నాకు తెల్వదా?" అంది.

స్వీడన్‌కు చెందిన హాన్స్ రోస్లింగ్ అనే వైద్యుడు 2010లో వాషింగ్ మెషిన్ గురించే ఒక ప్రసంగం చేశాడు. ఆయన 2017లో చనిపోయాడు. తన చిన్నతనంలో ఇంటికి మొదటి మెషిన్ వచ్చిన రోజు, జీవితమంతా కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి ఉతికిన వాళ్ళ అవ్వ తానే మీట నొక్కి, ఉతకడం పూర్తయ్యేదాకా కుర్చీ వేసుకొని చూసిందట. మిగిలిన సమయంలో వాళ్ళమ్మ ఆయనను గ్రంథాలయానికి తీసుకెళ్ళేదట. ఆ ప్రసంగం విన్నప్పుడు మాకు కళ్ళు చెమర్చాయి.

కానీ మేము ఇంకొకటి కూడా చూశాం. ఆ ఇంటికి వచ్చిన మెషిన్ ఆ ఇంటి ఇల్లాలికి సమయం మిగిల్చింది, మా అమ్మకు కూలి లేకుండా చేసింది. ఈ 33,500 రూపాయలు ఆ ఇంట్లో అమ్మ 22 నెలలు ఉతికితే వచ్చే డబ్బు. యంత్రం మంచిదా చెడ్డదా అని వక్తృత్వ పోటీల్లో మనం చాలాసార్లు మాట్లాడాం. అది ఎవరి ఇంట్లో ఉంది, మిగిలిన సమయం ఎవరిది, పోయిన కూలికి బదులు ఏముంది అని అడగాలని మాకు ఇప్పుడు తెలిసింది. మా ఇంట్లో మటుకు బదులు మా చదువే కావాలి. పాతికేళ్ళ కూలి దానికోసమే పెట్టింది కదా.

మెషిన్ మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అమ్మకు సంతకం వరకే వచ్చు. చెల్లెలు తెల్లకాగితం ముక్కల మీద "నూలు", "చీరలు", "తొందరగా", "పిండుడు" అని తెలుగులో పెద్దగా రాసి మీట చుట్టూ అంటించింది. మొదటి వారం మేమే తిప్పాం. రెండో వారం ఒక పొద్దున అమ్మ మీట దగ్గర నిలబడి, "చీ... ర... లు" అని వేలు పెట్టి చదివి తానే తిప్పింది. ఇప్పుడు నాన్న కూడా తన లుంగీలు తానే వేసుకుంటున్నాడు. మెషిన్ మీద ఆడవాళ్ళకు మాత్రమే అని ఎక్కడా రాసి లేదు కదా!

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! రేపు మీరు ఉద్యోగాల్లో చేరి ఇంటికి ఏదైనా కొనేటప్పుడు దుకాణదారు మాట వినండి, కానీ మీ పుస్తకం మాట కూడా వినండి. టేపు, కాటా, కాగితం, పెన్సిలు తీసుకొని వెళ్ళండి. మనం చదివిన పాఠాలు పరీక్ష అయిపోగానే అయిపోవు.

అభ్యాసం

1. ట్యాంకు అడుగు నేలనుంచి 6.5 మీటర్లు, మెషిన్ పైపు 1 మీటరు ఎత్తులో ఉంటే పీడనం ఎంత? 0.5 బార్ కావలసిన మెషిన్ పనిచేస్తుందా?
2. పిండే వేగం 800 నుంచి 1200 చుట్లకు పెరిగితే త్వరణం ఎన్ని రెట్లు అవుతుంది?
3. 15 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి ఎన్ని యూనిట్లు కావాలి?
4. మీ ఇంట్లో వారానికి ఎన్ని కిలోల బట్టలు ఉతుకుతారు? ఎవరు ఉతుకుతారు? సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు తూచి రాయండి.

జవాబులు: 1. సుమారు 0.54 బార్, పనిచేస్తుంది. 2. రెండుంబావు రెట్లు. 3. సుమారు 0.21 యూనిట్లు. 4. దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉంది.